నాలుగూ నలభై

రాహుకాలం మూడింటికి పోతుంది, వాళ్లు మూడున్నరకల్లా వస్తారు, మీరు రెండింటికే పోయి కిటికీలు తీసిపెట్టండి సార్, మూసిపెట్టిన ఇంటి వాసన ముక్కుకు తగిలిందంటే కొనేవాడు గడపలోనే మనసు మార్చుకుంటాడు అని బ్రోకరు సుభాన్ బాషా నిన్న మరీ మరీ చెప్పాడు కాబట్టి రెండింటికే వచ్చి కూర్చున్నాను. ఇప్పుడు రెండూ పన్నెండు. గడియారం చూసుకోకుండా ఉండలేను. చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు టైమ్ కీపర్‌గా కూర్చున్నవాడికి అదొక రోగం, ఈ నెలాఖరుకు ఉద్యోగమైతే అయిపోతుంది కానీ రోగం పోదు. ఇంటికి నాలుగు కిటికీలు. మూడు తీశాను. నడిమి గదిది తీయలేదు. రెక్క ఉబ్బిపోయి రావడం లేదని సుభాన్ బాషాకు చెప్తాను, నిజానికి దాని మీద చెయ్యే వేయలేదు, ఆ గది గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చేశాను, అంతే. అబద్ధానికి ఇంత సులువుగా సిద్ధమైపోయే మనిషినని చిత్తూరులోని ఈ మిట్టూరు పేటలో ఎవరితో అన్నా నమ్మరు. సుబ్రమణ్యం నోట తప్పు మాట రాదంటారు. ఆ మంచి పేరే ఇప్పుడు నా కొంప మీదికి తెచ్చింది.

ఈ ఇల్లు అమ్మకానికి పెట్టి పదిహేను నెలలు. ఇల్లు అమ్మడం కంటే కట్టడం సుఖం. కట్టేటప్పుడు మేస్త్రీ ఒక్కడే ఏడిపిస్తాడు, అమ్మేటప్పుడు దారిన పోయేవాళ్లంతా ఏడిపిస్తారు. వచ్చినవాడల్లా గోడను వేలి కణుపులతో కొట్టి చూస్తాడు, లోపలి నుంచి ఎవరో పలుకుతారన్నట్టు. ఒకాయన వాకిట్లో చెంబెడు నీళ్లు పోసి ఏ మూలకు పారతాయో చూశాడు, ఈశాన్యానికి పారలేదని నా వైపు దొంగను చూసినట్టు చూశాడు. ఒకావిడ వంటింట్లో పొయ్యిగట్టు పక్కన నిలబడి, నడుము దాకా కూడా రాలేదే, ఈడ వండిన మనిషి పొట్టిదా అని అడిగింది. అవును తల్లీ, పొట్టిదే. ఆ గట్టును మేస్త్రీ చేత రెండుసార్లు కొట్టించి దించుకుంది, మూడోసారి వాడు నా వల్ల కాదని తాపీ కింద పారేస్తే ఆ తాపీ తనే అందుకుంది. గోడలు లేచినన్నాళ్లూ వాటికి నీళ్లు కొట్టింది కూడా తనే, పొద్దునా సాయంత్రమూ వీధి చివరి బావి నుంచి బిందెలు మోసి, భుజం కాయలు కాచి. ఇదంతా ఆవిడకు చెప్పలేదు, రెండు వరసలు ఇటికెలు వేసుకుంటే ఎత్తు సరిపోతుందిలేమ్మా అన్నాను. అమ్మేవాడు అలాగే అనాలి. తన ఇంటిని తనే తక్కువ చేసుకుంటూ నవ్వుతూ ఉండాలి. నచ్చింది, పెద్దవాళ్లతో మాట్లాడి కబురు చేస్తామని ఆమె మొగుడు అన్నాడు. అందరూ అదే మాట. నచ్చలేదని ముఖం మీద చెప్పినవాడు ఒక్కడూ లేడు. అలా చెప్పినా బాగుండేది, కబురు కోసం వారాల తరబడి ఎదురుచూసే పని తప్పేది.

రెండూ ఇరవై అయిదు. వీధిలో ఐసుక్రీము బండి గంట. దీన్ని విని నా భార్య వసంత ఎప్పుడూ తలుపు దాకా వచ్చేది, కొనేది కాదు, గొంతు పట్టేస్తుందని భయం, కానీ చూసేది. గోడ అవతల దేవకమ్మ ఏదో దంచుతోంది. మా రెండిళ్లకూ మధ్య మోకాలెత్తు గోడ ఒక్కటే అడ్డం. మంచి మనిషి. వసంత మంచాన పడ్డ నాలుగు నెలలూ చారో పచ్చడో ఆ గోడ మీదుగా రాని రోజు లేదు. కానీ నా ఇల్లు అమ్ముడుపోకుండా ఇన్నాళ్లూ ఆపింది కూడా ఆమే, పాపం ఆమెకు ఆ సంగతి తెలియదు. పలమనేరు నుంచి చెంగయ్య అని ఒక పాల వ్యాపారి వచ్చాడు, వచ్చినవాళ్లందరిలోకీ నాకు నచ్చినవాడు, గోడలు కొట్టి చూడలేదు, నీళ్లు పోసి చూడలేదు, పంచలో నా పక్కన కూర్చుని ఆకువక్క వేసుకుని బయానా ఎప్పుడు తీసుకుంటారు అనేదాకా వచ్చాడు. ఉమ్మడానికి పెరట్లోకి పోయి అక్కడే నిలబడిపోయాడు. ఇంటి వెనక గోడకు, పెరటి వైపు, మనిషెత్తు మాసిక ఉంది, రెండు మూరల వెడల్పు, ఎన్నిసార్లు సున్నం కొట్టించినా కొత్త సిమెంటు పాత గోడలో కలవడం లేదు. "ఈడ గోడ యెందుకు పగలగొట్టినారప్పా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు పక్కింటి గోడ అవతల బట్టలు ఆరేస్తున్న దేవకమ్మ, "ధనిష్ఠలో పొయ్యిందన్నా ఆయమ్మ. ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టినారు" అంది, ఉన్న మాట ఉన్నట్టు, కంట నీళ్లు కూడా పెట్టుకుంది. చెంగయ్య కాళ్లు కడుక్కుని పోయాడు. మళ్లీ కనబడలేదు.

ధనిష్ఠ నక్షత్రం నడుస్తుండగా మనిషి పోతే ఆ ఇంట్లో ఆరు నెలలు దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు, శవాన్ని వీధి వాకిలి గుండా తీసుకుపోకూడదు. గోడకు కంత కొట్టి అందులోంచి తీసుకుపోవాలి, గడపకు ముళ్లకంప అడ్డం వేసి తాళం పెట్టి మనం కూడా వెళ్లిపోవాలి. లేకపోతే ఆ ఇంట్లో ఇంకో ప్రాణం పోతుందంటారు. ఆరు నెలలయ్యాక శాంతి చేయించుకుని మళ్లీ దిగవచ్చని శాస్త్రమే చెప్తుంది, కానీ కొనేవాడు శాస్త్రం అంతవరకు వినడు, పాడుపెట్టిన ఇల్లు అన్నంత వరకే వింటాడు. శాంతి చేయించాను, హోమం చేయించాను, మూడు రోజులు ఉండి చూశాను కూడా. రాత్రిళ్లు బాగానే ఉండేది, నిద్రపట్టేది. మధ్యాహ్నం మూడు దాటితే ఉండలేకపోయాను. నాలుగో రోజు సంతపేటలో ఒక మేడ మీది గదికి మారిపోయాను. సొంత ఇల్లు పెట్టుకుని అద్దె గది ఏమిటయ్యా, పిల్లాజెల్లా లేనివాడివి అని ఫ్యాక్టరీలో అందరూ అడిగారు. గాలి బాగుందని చెప్పాను. ఆ గదికి ఒకే కిటికీ, అది పక్కింటి గోడకు తెరుచుకుంటుంది.

ఇవాళ వచ్చేది ఐరాల వాళ్లు, కుప్పయ్య, ఆయన భార్య పంకజాక్షి. బెల్లం వ్యాపారం, చిత్తూరులో మండీ తీసుకున్నారు, ఉండడానికి ఇల్లు కావాలి. ఈ బేరం కూడా పోతే ఇంక లేదు. తిరుపతిలో కొర్లగుంట దగ్గర రెండు గదుల ఇల్లు సుందరరాజు అని ఒకాయన నాకోసం ఆపి ఉంచాడు, అమావాస్య దాకా చూస్తాను, ఆపైన ఇంకొకరికి ఇచ్చేస్తానని ఉత్తరం రాశాడు. అది కూడా ఎన్ని ఇళ్లు తిరిగితే దొరికింది. ప్రతి ఆదివారం తిరుపతి బస్సెక్కి, కొండ ఎక్కే జనంతో పాటు దిగి, వాళ్లు అటు పోతే నేను ఇటు సందుల్లోకి పోయేవాణ్ణి. కొనేవాడికి కూడా గౌరవం లేదు, అమ్మేవాడికే లేదనుకున్నాను. ఒక ఇంటావిడ వంటిల్లు చూపించనంది, మడి అంది. ఒకాయన ఎంతమంది ఉంటారు అని అడిగి, ఒక్కణ్ణే అంటే, ఒక్క మగమనిషికి ఇల్లెందుకయ్యా, సత్రాలున్నాయి కదా అన్నాడు. సుందరరాజు మాత్రం ఏమీ అడగలేదు, నేను కిటికీలు లెక్కపెడుతుంటే పక్కన మాట్లాడకుండా నిలబడ్డాడు. ఆ ఇల్లు ఎవరి చావూ తెలియని ఇల్లు. అక్కడ నన్ను ఎరిగినవాళ్లు లేరు, నా మంచితనం గురించి చెప్పేవాళ్లు లేరు. నాకు కావలసింది అదే, వేరే ఏమీ కాదు.

రెండూ నలభై. పది రోజుల కిందట సుభాన్ బాషా సంతపేట గదికి వచ్చి మంచం మీద కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, ఇంక నేను తిరగలేను సార్ అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఇళ్లు అమ్మిస్తున్నవాడు, వాళ్లలో ఈ నక్షత్రాల పట్టింపు లేదు కానీ మన పంచాంగం మనకంటే బాగా తెలుసు. "సార్, మీ పంతులు దగ్గిరికి నేనే పొయ్యి అడిగొచ్చినా. ఆ దినం శ్రవణం నాలుగూ ఎనిమిది దాకా ఉండాది. ఆ తర్వాత ధనిష్ఠ. శ్రవణానికి దోషం లేదంట. అంటే అరగంట తేడాతో మీ ఇల్లు పాడైపొయ్యింది. ఇప్పుడు కొనేవాళ్లు అడిగితే మూడూ నలభైకి పొయ్యిందని జెప్పండి. ఒక్క గంట వెనక్కి. పొయినామెకు నష్టమా?" నేను లేచి నిలబడ్డాను. దేవకమ్మ నాలుగూ నలభై అని చెప్తుంది కదా అన్నాను. "మీ గడియారం ఆ దినం ముందుకు పొయ్యిండాది అందాము" అన్నాడు. నా గడియారం. నలుగురైదుగురు మేనేజర్లు తమ చేతి గడియారాలు దిద్దుకున్న గడియారం. అంత కోపం నాకు ఎన్నేళ్లయిందో వచ్చి. నా భార్య చావును ఇంటికోసం జరపమంటావా, ఫో బయటికి అన్నాను. అతను టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు, మర్నాడు మళ్లీ వచ్చాడు, బ్రోకరు కదా. ఆ రాత్రి నా కోపం తలచుకుని నాకే నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. అతను చెప్పమన్న అబద్ధం నిజమే కావచ్చు కాబట్టి.

నిజమేమిటో నాకు తప్ప ఎవరికీ తెలియదు, సరిగా నాకూ తెలియదు. రెండేళ్ల కిందట కార్తీకంలో, పొద్దున్నుంచీ ముసురు పట్టిన రోజు, మూడూ పదికి నేను ఆమె పక్కనుంచి లేచాను. పొద్దున ఆరు నుంచీ ఆ నడిమి గదిలోనే కూర్చున్నాను. నీళ్లు పట్టిన శరీరం, ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఒక చప్పుడు, వచ్చేటప్పుడు ఒక చప్పుడు, రెంటికీ మధ్య ఒక్కోసారి ఏమీ లేకపోవడం, ఆ ఏమీ లేని చోట నేను లెక్కపెట్టడం, ఒకటి రెండు మూడు, మళ్లీ చప్పుడు వస్తే హమ్మయ్య అనుకోవడం, అనుకుని ఇంకా ఎంతసేపు అనుకోవడం. ఆ రెండోది అనుకున్నాక కూర్చోలేకపోయాను. ఆమె కళ్లు తెరిచింది. "యాడికి?" అంది. అయిదు నిమిషాల్లో వస్తానన్నాను. దేవకమ్మను పిలిచి కూర్చోబెట్టి పోవచ్చు, పిలవలేదు, అయిదు నిమిషాలే కదా. వీధి మలుపులో కాఫీ హోటలు. ఒక కాఫీ తాగాను. ఫ్యాక్టరీ తూకం గుమాస్తా వచ్చి ఎదురుగా కూర్చుని, చెరుకు బండిలో రాళ్లు పెట్టి తూయించబోయిన ఒక రైతు కథ మొదలుపెట్టాడు. కథ బాగా చెప్పాడు. ఆ రైతు మాట్లాడినట్టే గొంతు మార్చి చెప్పాడు. నేను నవ్వాను. నాలుగు నెలల తర్వాత అంత గట్టిగా నవ్వాను, బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వాను, ఇంకో కాఫీ నేనే చెప్పాను. వాన కొంచెం పెద్దదైతే తగ్గనీ అనుకున్నాను, తగ్గాక కూడా కూర్చున్నాను. గడియారం చూసుకోని గంటన్నర నా బతుకులో అదొక్కటే.

ఇంటికి వచ్చేసరికి చప్పుడు లేదు. లెక్కపెట్టాను. ఇరవై దాకా లెక్కపెట్టి చెయ్యి పట్టుకున్నాను. మోచేతి దాకా చల్లగా ఉంది, నా చెయ్యి వానకు తడిసింది కాబట్టి నాదే చల్లగా ఉందేమోనని పంచెకు తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాను. పెదవి చివర చీమ పాకుతోంది. అప్పుడు గడియారం చూశాను, ఎందుకు చూశానో తెలియదు, గేటు దగ్గర ఎవరు వచ్చినా ముందు గడియారం చూసే చెయ్యి అది. నాలుగూ నలభై. ఆ చీమను తీసేసి, మంచం మీద కూర్చుని, ఆమె తల ఒళ్లోకి తీసుకుని, అప్పుడు అరిచాను. దేవకమ్మ గోడ దాటి వచ్చింది, ఆమె వెనక వీధి అంతా వచ్చింది. పంతులు వచ్చి ఎన్ని గంటలకు నాయనా అన్నాడు. నాలుగూ నలభై అన్నాను. దగ్గరే ఉన్నావా అన్నాడు. నా ఒళ్లోనే పోయింది స్వామీ అన్నాను. పంతులు పంచాంగం తిప్పి, అయ్యో, నాలుగూ ఎనిమిదితో శ్రవణం వెళ్లిపోయిందే, ధనిష్ఠ వచ్చేసిందే అన్నాడు. అందరూ నా వైపు చూశారు. అప్పుడు చెప్పవచ్చు. లేదు స్వామీ, అది ఆమె పోయిన టైం కాదు, నేను వచ్చిన టైం అని ఒక్క మాట అంటే గోడ మిగిలేది, ఇల్లు మిగిలేది. గునపం తెచ్చింది దేవకమ్మ మొగుడు. మొదటి దెబ్బకు సున్నం రాలింది, రెండో దెబ్బకు ఇటిక కదిలింది. వసంత తడిపిన గోడ, అంత సులువుగా పగల్లేదు. నేను పక్కన నిలబడి చూస్తూ ఉన్నాను, చెప్పలేదు.

ఆ తర్వాత చెప్పడానికి వీలే లేకపోయింది. దేవకమ్మ ఆ కథను వీధి వీధికీ మోసింది. ఆయన ఒళ్లో తల పెట్టుకుని పొయ్యింది, పుణ్యాత్మురాలు, మొగుడంటే అట్లుండాల అని తాగివచ్చే తన మొగుణ్ణి నా పేరు చెప్పి తిట్టేది. కర్మ రోజున మా బావమరిది నా కాళ్లు పట్టుకుని మా అక్కను కడదాకా చూసుకున్నావు బావా అని ఏడ్చాడు. నేను అతని తల నిమిరాను. బల్ల మీద కొట్టి నవ్విన ఆ చేత్తోనే. మనుషులు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు, ఆ గౌరవం నా ఒంటి మీద ఎవరిదో చొక్కాలా ఉండేది, విప్పుదామంటే లోపల ఏమీ లేదు. ఒంటరితనం అంటే మనిషి లేకపోవడం అనుకునేవాణ్ణి. మనిషి పోయిన సంగతి సరిగా చెప్పుకోవడానికి కూడా ఇంకో మనిషి లేకపోవడమని ఈ రెండేళ్లలో తెలిసింది. చెప్పుకునేదేదైనా ఉంటే వసంతకే చెప్పేవాణ్ణి.

మూడూ అయిదు. రాహుకాలం పోయింది. ఇప్పుడు చేయాల్సింది చాలా చిన్న పని. వాళ్లు అడుగుతారు, మూడూ నలభై అంటాను, నా ఒళ్లోనే అంటాను. బాషా చెప్పినట్టు గంట వెనక్కి జరిపితే చాలు, మిగతాది అలాగే ఉంచవచ్చు. నక్షత్రం మారుతుంది, ఒడి మారదు. ఇల్లూ అమ్ముడుపోతుంది, పేరూ ఉంటుంది. అద్దం లేదు కాబట్టి గోడ వైపు తిరిగి రెండుసార్లు చెప్పి చూసుకున్నాను. మూడూ నలభై. మూడూ నలభై అమ్మా. గొంతు బాగానే పలికింది.

మూడూ ముప్పై అయిదుకు వచ్చారు, నలుగురు. ముందు సుభాన్ బాషా, వెనక కుప్పయ్య, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ లావుపాటి మనిషి, ఆయన వెనక పంకజాక్షి, చివర ఆమె మేనమామ గోవిందు, చంకలో పాత పంచాంగాలు రెండు. ముసలాయన తయారై వచ్చాడు. దేవకమ్మ గోడ మీదుగా మజ్జిగ గ్లాసులు అందించి, తనూ దాటి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. రావద్దని ఎలా అంటాను. పంకజాక్షి గోడలు కొట్టలేదు. పొయ్యిగట్టు దగ్గర నిలబడి దాని మీద అరచెయ్యి పెట్టి, "నాకు సరిగ్గా ఉండాదే ఇది" అంది నవ్వుతూ. ఆమె కూడా పొట్టిదే. పెరట్లోకి పోయింది, మాసిక చూసింది, తిరిగి వచ్చింది, నవ్వు లేదు.

"సామీ, తప్పుగా అనుకోవద్దండి. మా అత్త మంచంలో ఉండాది. ఇంకో పానం పోతాదంటారే, అందుకని అడగతా ఉండా. అక్క యెన్ని గంటలకి పొయ్యింది?"

మూడూ నలభై నాలుక మీదే ఉంది. సుభాన్ బాషా నా వైపు చూడకుండా మజ్జిగ తాగుతున్నాడు.

"ఆ పొద్దు మీరు పక్కనే ఉండారా?" అని మళ్లీ అడిగింది. అనుమానంతో కాదు. తన అత్త పక్కన తను కూర్చునే మనిషి, ఆ కూర్చోవడం ఏమిటో తెలిసిన మనిషి అడిగినట్టు అడిగింది.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

"తెలీదంటే యెట్లప్పా? టైమ్ కీపరని జెప్పిరే" అన్నాడు గోవిందు.

"నేను లేను. మూడూ పదికి కాఫీ తాగను పొయినా. అయిదు నిమిషాల్లో వస్తానని జెప్పి పొయినా. వచ్చేతలికి నాలుగూ నలభై. మోచేతి దాకా చల్లబడిపొయ్యింది. పెదవి మీద చీమ ఉండింది. ఎప్పుడు పొయ్యిందో నాకు తెలీదు. ఒక్కతే ఉండింది."

చెప్పేశాను. రెండేళ్లుగా లోపల ఉన్నది బయటికి వస్తే ఇన్ని తక్కువ మాటలా అనిపించింది. గోడకు ఆనుకున్నాను. ఎవరో ఒకరు ఏదైనా అంటారని, ఛీ అన్నా సరే అనుకుని చూశాను. గోవిందు కళ్లద్దాలు పెట్టుకుని పంచాంగం తిప్పుతున్నాడు. బాషా ముందే చెప్పిన తేదీ దగ్గర, వేలితో గీత వెంట పోయి ఆగాడు. "శ్రవణం నాలుగూ ఎనిమిది దాకా. మోచేతి దాకా సల్లబడల్లంటే గంటకు తక్కువ పట్టదు. అంటే శ్రవణంలోనే పొయ్యిండాది. దోషం లేదు పాపా" అన్నాడు. కుప్పయ్య పెద్దగా ఊపిరి వదిలాడు. "అట్లయితే ఆర్నెల్లు ఊరికే పాడుపెట్టినారా?" అంది పంకజాక్షి. అవునమ్మా అన్నాను. ఆమె ఏదో అనబోయింది, కానీ కుప్పయ్య అప్పటికే సంచిలోంచి ఆకులూ వక్కలూ టెంకాయా తీస్తున్నాడు, మంచి గడియ ఉండగానే తాంబూలం మార్చుకోవాలని తొందర. నా చేతిలో పెట్టారు. పుచ్చుకున్నాను. రిజిస్ట్రేషను వచ్చే బుధవారం అన్నారు. సరే అన్నాను. పదిహేను నెలలుగా ఏదైతే కావాలని తిరిగానో అది పావుగంటలో అయిపోయింది.

వాళ్లు ముగ్గురూ వీధిలోకి దిగాక సుభాన్ బాషా వెనక ఆగాడు. నా చెవి దగ్గరికి వంగాడు, ముఖమంతా వెలుగు.

"నేను టైం ఒకటే మార్చమన్నా సార్. మీరు కాఫీ, చల్లబడిన చెయ్యి, చీమ, అంతా కుదిర్చి జెప్పినారు. ఒక గడియ నేనే నమ్మేసినా. పద్దెనిమిదేండ్లుగా ఈ పని చేస్తా ఉండా, నాకు తట్టలే."

"అది నిజం బాషా."

"నిజమే సార్. ఇంకెవరు అడిగినా అదే నిజం" అని నా భుజం తట్టి, వాళ్లను బస్సెక్కించడానికి పరుగున పోయాడు.

ఇంట్లోకి తిరిగాను. దేవకమ్మ వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. తల ఎత్తలేదు. అమ్మా దేవకీ అన్నాను, ఈమెకైనా కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాలనుకున్నాను, మూడూ పది నుంచీ, ఆ తూకం గుమాస్తా కథతో సహా, నేను నవ్విన నవ్వుతో సహా. ఆమె లేచింది.

"నేను పరిగెత్తుకోని వచ్చినపుడు ఆ తల్లి తల మీ ఒళ్లో ఉండింది. నా కండ్లతో సూసినా. ఇద్దరు మొగోళ్లకు మిమ్మల్ని సూపించి బుద్ధి జెప్పినా, మా ఆయనకు, మా అల్లుడికి. ఇల్లు అమ్ముకునేదానికి యేమైనా జెప్పుకోండన్నా, గడియారం తప్పిందని జెప్పండి, నేనూ అవుననే అందును. కడదాకా మీ చేతుల్లో ఉండిన మనిషిని ఒక్కదాన్ని చేసి సంపితిరే. దిక్కులేని సావు సచ్చిందని పదిమందిలో జెప్పితిరే."

"దేవకీ, నువ్వు చూసింది తర్వాత" అన్నాను. ఆమె చేతులు చెవులకు అడ్డం పెట్టుకుంది, గ్లాసులు చంకలో ఇరికించుకుని గోడ దాటి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. నేను తాంబూలం పట్టుకుని పెరట్లో నిలబడ్డాను. నా మాట నమ్మినవాళ్లు అప్పటికే ఐరాల బస్సు ఎక్కి ఉంటారు.